పాత ట్రక్కులో టెయిల్ లైటు, బ్రేక్ లైటు సరిగ్గా వెలగట్లేదా? బల్బు కొనేముందు ఎర్త్ చూడండి

నా పాత ట్రక్కుకి ఒకప్పుడు వింత జబ్బు ఉండేది. బ్రేక్ తొక్కితే వెనక బ్రేక్ లైటు వెలగదు, ముందు డాష్‌బోర్డులో మీటర్ల లైట్లు మాత్రం మిణుకుమిణుకుమంటాయి. బల్బులు మార్చా, బ్రేక్ స్విచ్చు మార్చా, రెండు ఆదివారాలు పోయాక హెడ్‌లైట్ స్విచ్చు కూడా విప్పి కొత్తది పెట్టా, ఏం మారలా. చివరికి తేలిందేంటంటే వెనక డెక్ (సామాను వేసే తొట్టి) మొత్తం చెక్క దుంగల మీద కూర్చుని ఉంది, దాన్ని చాసిస్‌కి (బండి ఇనప చట్రానికి) కలిపేది తుప్పు పట్టిన నాలుగు బోల్టులే, కరెంటు వెనక్కి రావడానికి దారే లేదు. ఒక మీటరు వైరు, రెండు రింగ్ టెర్మినల్స్‌తో పావుగంటలో పని అయిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నేను మార్చిన పార్టులన్నీ బాగున్నవే.

అందుకే ఇది రాస్తున్నా. వెలగని లైటు చూడగానే చెయ్యి బల్బు మీదకి పోతుంది, అది తప్పేం కాదు, కానీ పాత బండిలో సగానికి పైగా గొడవ కరెంటు వెళ్ళే దారిలో కాదు, తిరిగొచ్చే దారిలో, అంటే ఎర్త్‌లో ఉంటుందని నా అనుభవం.

లోపల వైరింగ్ ఎలా ఉంటుందంటే

చాలా పాత ట్రక్కుల్లో వెనక ఒక్కో వైపు ఒకే బల్బు ఉంటుంది, అందులోనే రెండు ఫిలమెంట్లు (వెలిగే తీగలు). సన్నది టెయిల్‌కి, లావుది బ్రేక్‌కి. అమెరికన్ బండ్లలో 12 వోల్టులకి ఎక్కువగా 1157 నంబరు బల్బు వాడతారు, అందులో చిన్న ఫిలమెంటు 8 వాట్లు, పెద్దది 27 వాట్ల దాకా ఉంటుంది. యూరప్ లెక్కలో అయితే దాన్ని పీ21/5డబ్ల్యూ అంటారు, అంటే 21 వాట్లూ 5 వాట్లూ. ఒకే ఫిలమెంటు ఉండేది 1156. 6 వోల్టుల బండికి డబుల్ కాంటాక్ట్ (రెండు ఫిలమెంట్ల) బల్బు 1154.

డబుల్ కాంటాక్ట్ బల్బు అడుగున ఉండే రెండు పక్క పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటాయి. తిరగేసి పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. కానీ హోల్డర్ అరిగిపోయి ఉంటే బలవంతంగా తిప్పితే తిరగేసి కూడా కూర్చుంటుంది, అప్పుడు లైట్లు వేస్తే ఆ పక్క కళ్ళు జిగేల్మంటాయి, బ్రేక్ తొక్కితే పెద్ద తేడా తెలీదు. ఒక పక్క టెయిల్ లైటు రెండో పక్క కన్నా మరీ ప్రకాశంగా ఉంటే ముందు ఇది చూడండి, వైరు కొయ్యకండి.

టెయిల్ లైటు దారి ఏంటంటే, బ్యాటరీ నుంచి లైట్ స్విచ్చు, అక్కడి నుంచి ఫ్యూజు, వెనక్కి పోయే పొడుగాటి వైరు, చిన్న ఫిలమెంటు. బ్రేక్ లైటు దారి, బ్యాటరీ నుంచి ఫ్యూజు (చాలా పాత వాటిల్లో అసలు ఫ్యూజే ఉండదు), బ్రేక్ స్విచ్చు, కొన్ని బండ్లలో స్టీరింగ్ దగ్గర ఉండే ఇండికేటర్ స్విచ్చు, ఆ తర్వాత పెద్ద ఫిలమెంటు. రెండూ విడివిడిగా వెళ్తాయి, కానీ తిరుగు దారి మాత్రం రెండిటికీ ఒక్కటే, బల్బు ఇత్తడి ఒళ్ళు, హోల్డర్, లైటు డబ్బా, డెక్, చాసిస్, బ్యాటరీ. మధ్యలో ఎక్కడ పెయింటు, తుప్పు, చెక్క, రబ్బరు అడ్డొచ్చినా కథ అడ్డం తిరుగుతుంది.

నా బండిలో జరిగింది అదే. బ్రేక్ తొక్కగానే పెద్ద ఫిలమెంటులోకి కరెంటు వచ్చింది, హోల్డర్ నుంచి చాసిస్‌కి పోదామంటే దారి లేదు, అప్పుడది అదే బల్బులో ఉన్న చిన్న ఫిలమెంటులోకి ఎదురెక్కి, టెయిల్ వైరు పట్టుకుని వెనక్కొచ్చి, డాష్ బల్బుల గుండా ఎర్త్ వెతుక్కుంది. అందుకే ముందు లైట్లు మిణుకుమన్నాయి. లైట్ల ప్రవర్తన దెయ్యం పట్టినట్టు ఉంటే, ఒకటి నొక్కితే ఇంకోటి వెలిగితే, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా దాంతో పాటు కొట్టుకుంటుంటే, నూటికి తొంభై పాళ్ళు ఎర్త్ అందట్లేదనే అనుకోండి.

పనిముట్లు విప్పకముందు బండి 6 వోల్టులదా 12 వోల్టులదా, ఎర్త్ పాజిటివా నెగెటివా (చాసిస్‌కి కలిపింది బ్యాటరీ ప్లస్సా మైనస్సా) చూస్కోండి. ఉదాహరణకి ఫోర్డ్ ట్రక్కులు 1955 మోడల్ దాకా 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్, 1956 నుంచి 12 వోల్టులు, నెగెటివ్ ఎర్త్. షెవర్లే ట్రక్కులు 1955 మధ్యలో వచ్చిన కొత్త మోడల్‌తో 12కి మారాయి. అయితే ఇన్నేళ్ళలో మధ్యలో ఎవరో మార్చేసి ఉండొచ్చు, కాబట్టి పుస్తకం కన్నా బ్యాటరీని నమ్మండి. 6 వోల్టుల బండిలో అదే వాట్లకి రెట్టింపు కరెంటు పారాలి, కాబట్టి ప్రతి లూజు కాంటాక్టూ అక్కడ రెండింతలు బాధపెడుతుంది.

ఏం దగ్గర పెట్టుకోవాలి

టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు, రెండు చివర్లా మొసలి క్లిప్పులున్న ఐదారు మీటర్ల వైరు, మధ్యలో ఫ్యూజు పెట్టిన ఇంకో చిన్న జంపరు వైరు, ఇత్తడి బ్రష్షు, ఎమిరీ పేపరు, కాంటాక్ట్ క్లీనరు, కచ్చితంగా బాగున్నాయని తెలిసిన రెండు బల్బులు. బ్రేక్ తొక్కడానికి మనిషి లేకపోతే సీటుకీ పెడల్‌కీ మధ్య సరిపడా కొలతకి కోసిన కర్ర ఒకటి ఇరికించండి, వెనక ఏం జరుగుతోందో ఫోన్‌లో వీడియో తీసుకోండి. చక్రాలకి అడ్డం పెట్టండి. కింద దూరాలంటే స్టాండ్లు వెయ్యండి, ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి వెళ్ళొద్దు. వైరు కోసేటప్పుడూ స్విచ్చు విప్పేటప్పుడూ బ్యాటరీ టెర్మినల్ తీసెయ్యండి.

ముందు కాగితం మీద రాయండి

ఇది విసుగ్గా ఉంటుంది గానీ మానొద్దు. అన్నీ ఆపేసి బ్రేక్ తొక్కండి, ఎడమ కుడి ఏం వెలిగాయో రాయండి. లైట్లు వేసి బ్రేక్ వదిలి రాయండి, లైట్లు వేసి బ్రేక్ తొక్కి రాయండి. ఒక్కో ఇండికేటర్ వేసి రాయండి, ఇండికేటర్ తిరుగుతుండగా బ్రేక్ తొక్కి రాయండి. డాష్ లైట్లు, ముందు పార్కింగ్ లైట్లు కూడా చూడండి. పది నిమిషాల పని, గంటల తరబడి వెతుకులాట తప్పిస్తుంది.

ఇప్పుడు ఆ కాగితం చదవండి. బ్రేక్ లైటు బాగా వెలిగి టెయిల్ వెలగట్లేదంటే ఎర్త్ బాగుందనే లెక్క, ఎందుకంటే తిరుగు దారి ఒకటే కదా, పైగా బ్రేకుదే ఎక్కువ కరెంటు. అప్పుడు టెయిల్ ఫ్యూజు, లైట్ స్విచ్చు, ఆ వైరు చూడాలి, రెండు పక్కలా పోయి దాంతో పాటు డాష్ లైట్లు కూడా పోయుంటే ఫ్యూజో స్విచ్చో, ఒక్క పక్కే అయితే బల్బో హోల్డరో. రెండు పక్కలా బ్రేక్ పోయి టెయిల్ ఉంటే ఎక్కువగా బ్రేక్ స్విచ్చు. ఒక పక్క బ్రేక్ మాత్రమే పోయి, బల్బు బాగుంటే, ఇండికేటర్ స్విచ్చు మీద అనుమానం పెట్టుకోవాలి, దాని సంగతి కింద చెప్తా. అన్నీ వెలుగుతున్నాయి గానీ నీరసంగా ఉన్నాయంటే ఎర్త్ గానీ వైరింగ్ గానీ.

బల్బు, హోల్డరు

బల్బు లోపలికి నొక్కి ఎడమకి తిప్పితే రావాలి. ఏళ్ళ తరబడి కదలనిది అయితే గాజు చేతిలోకొచ్చి ఇత్తడి భాగం హోల్డర్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి గ్లౌజు వేసుకోండి, ముందురోజే కాస్త తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలెయ్యండి. విరిగితే బ్యాటరీ తీసేసి సూదిమూతి ప్లయరుతో ఇత్తడి అంచు లోపలికి మడిచి తిప్పి లాగండి.

బయటికొచ్చాక అడుగు వైపు వెలుతురులో పెట్టి చూడండి. రెండు సీసపు బొట్లు ఉంటాయి. బాగున్న బల్బుకి అవి గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, పాతదానికి ఒకటి నల్లగా మాడి, అణిగిపోయి, మధ్యలో చిన్న గుంట పడి ఉంటుంది. ఆ గుంట ఎదురుగా హోల్డర్‌లో ఉన్న కాంటాక్ట్ చూస్తే దాని మీద కూడా అలాంటి మచ్చే ఉంటుంది. అంటే అక్కడ ఇన్నాళ్ళూ నిప్పురవ్వలు ఎగురుతున్నాయన్నమాట. స్ప్రింగు వేడికి మెత్తబడి కాంటాక్టుని పైకి తోయట్లేదు. వేలుతో నొక్కి చూడండి, టక్కున పైకి రావాలి, బద్ధకంగా లేస్తే స్ప్రింగు మార్చాల్సిందే, లేకపోతే వైర్లతో సహా దొరికే కొత్త కాంటాక్ట్ ముక్క పెట్టాలి. ఊరికే సాగదీసి పెడితే తుమ్మితే ఊడే ముక్కులాగే ఉంటుంది, నాలుగు గుంతలు దాటగానే మళ్ళీ మొదటికొస్తుంది.

లోపల పచ్చటి బూజులాంటి పొడి ఉంటే ఇత్తడి బ్రష్షుతో మెరిసేదాకా గీకండి, క్లీనరు కొట్టండి, ఆరాక డైఎలెక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి. గ్రీజు కరెంటుని మోయదు, అది నీళ్ళని ఆపడానికే, కాబట్టి ముద్దలుగా కుక్కొద్దు.

కంటికి బాగానే కనిపించే బల్బుని కూడా నమ్మొద్దు. మీటరుతో ఓములు చూడండి, చల్లగా ఉన్నప్పుడు పెద్ద ఫిలమెంటు ఒక ఓమ్ కన్నా తక్కువే చూపిస్తుంది, చిన్నది రెండు మూడు ఓములు. వాట్లు వోల్టులు లెక్కేసి ఆరు ఓములు రావాలి కదా అని కంగారు పడకండి, అది కాలుతున్నప్పటి లెక్క, చల్లటి టంగ్‌స్టన్ రెసిస్టెన్సు దాంట్లో పదో వంతు దగ్గరే ఉంటుంది.

ఇంకో అరుదైన తమాషా ఉంది. తెగిన ఫిలమెంటు కొస కిందకి వాలి రెండోదానికి అంటుకుపోతుంది, అప్పుడు బ్రేక్ వైరూ టెయిల్ వైరూ బల్బు లోపలే కలిసిపోతాయి, బ్రేక్ తొక్కితే ముందు పార్కింగ్ లైట్లూ డాష్ లైట్లూ అన్నీ వెలుగుతాయి. డబుల్ కాంటాక్ట్ హోల్డర్‌లో సింగిల్ కాంటాక్ట్ బల్బు బలవంతంగా దూర్చినా ఇదే జరగొచ్చు, మధ్యలో ఉన్న పెద్ద బొట్టు రెండు కాంటాక్టుల మీదా కూర్చుంటుంది. చూడ్డానికి అచ్చం ఎర్త్ జబ్బులాగే ఉంటుంది, తేడా ఏంటంటే ఇక్కడ డాష్ లైట్లు నీరసంగా కాకుండా గట్టిగానే వెలుగుతాయి.

అసలు పరీక్ష, తిరుగు దారి

పొడుగు వైరు తీసుకోండి. ఒక క్లిప్పు బ్యాటరీలో ఎర్త్ టెర్మినల్‌కి నేరుగా, రెండోది హోల్డర్ ఇత్తడి గోడకి. బ్రేక్ తొక్కించండి. లైటు ఒక్కసారిగా తెల్లారినట్టు వెలిగిందా, దొరికింది, ఎర్త్. ఏ మార్పూ లేకపోతే ఎర్త్‌ని వదిలేసి కరెంటు వెళ్ళే దారిలో వెతకండి. ఒక్క నిమిషం పని ఇది, దీన్ని ముందే చేసుంటే నాకు ఆ రెండు ఆదివారాలూ మిగిలేవి.

ఎక్కడ తెగిందో కచ్చితంగా తెలుసుకోవాలంటే మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒక ప్రోబు (మీటరు వైరు మొన) బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం పోస్టు మీద), రెండోది హోల్డర్ ఒంటి మీద. లైటు ఆన్‌లో ఉండాలి, ఇది ముఖ్యం, కరెంటు పారకపోతే డ్రాప్ (దారిలో పోయే వోల్టేజీ) కనిపించదు. 0.1 వోల్టు లోపు వస్తే బంగారం. 0.2 దాకా సర్దుకోవచ్చు. అర వోల్టు, వోల్టు వస్తే మధ్యలో ఎక్కడో అడ్డం ఉంది. నాకు ఆ రోజు హోల్డర్ మీద 11 వోల్టుల పైనే వచ్చింది, ఎర్త్ అనుకున్నది ఎర్తే కాదన్నమాట.

అక్కడి నుంచి రెండో ప్రోబుని మెల్లగా బ్యాటరీ వైపు జరుపుకుంటూ రండి. హోల్డర్, లైటు డబ్బా, బ్రాకెట్, డెక్ రేకు, చాసిస్, ఇంజిన్. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే ఆ రెండు చోట్ల మధ్యే జబ్బు. నా బండిలో డెక్ రేకు మీద 11, దాని కింద చెయ్యెత్తు దూరంలో చాసిస్ మీద 0.05. ప్రోబుని కింద నుంచి పైకి పైనుంచి కిందకి నాలుగుసార్లు మార్చి చూశా, నవ్వాలో ఏడవాలో తెలీలా. పెయింటు మీద పెడితే రీడింగు అబద్ధం చెప్తుంది, కాబట్టి ప్రోబు మొనతో గీరి ఇనుము తగిలేలా పెట్టండి.

ఇంకో మాట, తుప్పు బండ్ల కన్నా కొత్తగా రంగేసి ముస్తాబు చేసిన బండ్లకే ఈ బాధ ఎక్కువ. పౌడర్ కోటింగ్ చేసిన చాసిస్, రెండు కోట్లు వేసిన డెక్, మధ్యలో కొత్త రబ్బరు ప్యాడ్లు, అన్నీ అద్దంలా ఉంటాయి, కరెంటుకి మాత్రం ప్రతి జాయింటూ గోడే.

రిపేరు ఎలాగంటే, హోల్డర్ ఒంటికే ఒక వైరు సోల్డర్ చెయ్యండి లేదా డబ్బా బోల్టుకి రింగ్ టెర్మినల్ వెయ్యండి, ఆ వైరుని డెక్‌తో సంబంధం లేకుండా నేరుగా చాసిస్‌కి తీసుకెళ్ళండి. బ్రేక్ వైరు ఎంత లావుందో కనీసం అంత లావుండాలి. చాసిస్ మీద రూపాయి బిళ్ళంత చోటు ఎమిరీతో మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, బిగించాక పైనుంచి పెయింటో గ్రీజో పూయండి, ముందు కాదు. డెక్‌కీ చాసిస్‌కీ మధ్య కూడా ఒక లావుపాటి వైరు వేస్తే మంచిది. బ్యాటరీ నుంచి చాసిస్‌కీ, ఇంజిన్ నుంచి చాసిస్‌కీ ఉండే పట్టీలు కూడా ఓసారి విప్పి తుడిచి బిగించండి, చాలామంది ఇంజిన్ దించినప్పుడు ఆ రెండో పట్టీ మళ్ళీ పెట్టడం మర్చిపోతారు.

వెళ్ళే దారి

ఎర్త్ బాగుందని తేలితే హోల్డర్ లోపలి కాంటాక్టు దగ్గర, బల్బు వెలుగుతుండగా, వోల్టేజీ కొలవండి, అదే టైములో బ్యాటరీ దగ్గర కూడా. 12 వోల్టుల బండిలో తేడా అర వోల్టు దాటితే బాగు చెయ్యాలి. చిన్న తేడాయే కదా అనుకోవద్దు, ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్ఫై శాతం దాకా పోతుంది. బ్రేక్ లైటు నీరసంగా ఉంటే వెనక వచ్చేవాడు దాన్ని టెయిల్ లైటు అనుకుని అదే స్పీడులో వచ్చేస్తాడు.

బల్బు తీసేసి ఖాళీ కాంటాక్టులో మీటరు పెట్టి 12 ఉంది కదా అని మురిసిపోయేవాళ్ళు ఉన్నారు, నేనూ ఆ బాపతే. లోపల ఒక్క రాగి పోగు మిగిలున్నా మీటరు 12 చూపిస్తుంది, బల్బు పెట్టగానే చతికిలబడుతుంది. అందుకే లోడు మీదే, అంటే బల్బు వెలుగుతుండగానే కొలవాలి, లేదా 21 వాట్ల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు వాడాలి.

గాజు ఫ్యూజులైతే కంటితో చూసి బాగుందనకండి, మూతికీ తీగకీ మధ్య టంకం ఊడి ఉండొచ్చు. ఫ్యూజుని తిప్పి చూడండి, క్లిప్పులు వదులైపోయి మూతి చుట్టూ తెల్లటి పొడి ఉంటుంది. లైట్లు వేసి ఐదు నిమిషాలయ్యాక ఫ్యూజు చివర వేలు పెడితే చురుక్కుమంటే అక్కడ కాంటాక్టు సరిగ్గా లేదని అర్థం. కాలిపోయిన ఫ్యూజు బదులు వెండి కాగితం చుట్టి పెట్టకండి, గుడ్డ ఇన్సులేషన్ ఉన్న పాత వైరు మంటకి రెడీగా ఉంటుంది.

ట్రైలర్ కోసం ఎవరో ఎప్పుడో వైర్లకి కరిపించిన ప్లాస్టిక్ క్లిప్పు జాయింట్లు ఉంటే నా మాట విని అన్నీ పీకేసి సోల్డరో మంచి క్రింపో చేసి హీట్ ష్రింక్ వెయ్యండి. లోపల బ్లేడు రాగిని సగం కోసేసి ఉంటుంది, తడి చేరి మిగతా సగం పచ్చగా కుళ్ళి ఉంటుంది.

బ్రేక్ స్విచ్చు

రెండు రకాలు. పెడల్ దగ్గర ఉండే బటన్ లాంటిది ఒకటి, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని తోసేది) మీదో బ్రేక్ పైపు మీదో బిగించి ఫ్లూయిడ్ ప్రెషరుతో పనిచేసేది ఇంకోటి. ఏదైనా సరే, దాని రెండు వైర్లూ తీసి చిన్న జంపరుతో కలపండి. లైట్లు వెలిగితే స్విచ్చుదే తప్పు. వెలక్కపోతే ఏ వైరులో కరెంటు ఉందో టెస్ట్ ల్యాంపుతో చూడండి, ఒక్కదాంట్లో కూడా లేకపోతే ఫ్యూజు వైపు వెళ్ళండి.

ప్రెషరు స్విచ్చులు ఒక్కసారిగా చావవు. ముందు కాస్త గట్టిగా తొక్కితేనే వెలగడం మొదలెడతాయి, తర్వాత మరీ గట్టిగా తొక్కాలి, అప్పటిదాకా మనకి తెలీదు ఎందుకంటే పరీక్ష చేసేటప్పుడు అందరం గట్టిగానే తొక్కుతాం. పాదంతో మెల్లగా తొక్కి చూడండి. సిలికాన్ రకం డాట్ 5 ఫ్లూయిడ్ పోసిన బండ్లలో ఈ స్విచ్చులు తొందరగా పోతాయని పాత బండ్ల వాళ్ళు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు.

స్విచ్చు కనెక్టరు లాగితే లోపల తడిగా, జిడ్డుగా ఉందనుకోండి, అప్పుడు లైటు సంగతి పక్కన పెట్టి బండి ఆపేయండి. అది బ్రేక్ ఫ్లూయిడ్, స్విచ్చు లోపలి పొర చిరిగి కారుతోంది. పాత ట్రక్కుల్లో చాలావాటికి మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది, ఒక్క చోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. కొత్త స్విచ్చు చేతిలో రెడీగా పెట్టుకుని పాతది విప్పి వెంటనే బిగించండి, అమెరికన్ బండ్లలో ఎక్కువగా 1/8 అంగుళం టేపర్ త్రెడ్డు ఉంటుంది, మరీ బిగిస్తే కన్నం పగులుతుంది. ఆ తర్వాత గాలి తీయండి, పెడల్ గట్టిగా ఉందో లేదో చూడండి, పది సార్లు గట్టిగా తొక్కి కింద తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగండి.

కొత్త స్విచ్చు కూడా ఏడాదికే పోతుంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసేది) పెట్టండి. రెండు బల్బులకి 4 ఆంపియర్లు దాటుతుంది, ట్రైలర్ ఉంటే ఇంకా ఎక్కువ, అదంతా ఆ చిన్న కాంటాక్టు మోయాలి. రిలే పెడితే స్విచ్చు మీద పడేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. బండి పాతదనం పోతుందని కొందరు ఒప్పుకోరు, డాష్ కింద కనపడకుండా పెడితే ఎవడికి తెలుస్తుంది.

బ్రేక్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉందంటే, పెడల్ స్విచ్చు అయితే అడ్జస్ట్‌మెంట్ తప్పింది లేదా పెడల్ మీద స్విచ్చు బటన్ ఆనే చిన్న రబ్బరు బిళ్ళ పొడైపోయి బటన్ ఆ కన్నంలోకి దూరింది, కార్పెట్ మీద రబ్బరు ముక్కలు కనపడతాయి చూడండి. ప్రెషరు స్విచ్చు అయితే వైరు ఒకటి లాగండి, ఆరితే, చక్రం దగ్గర బ్లీడర్ స్క్రూ (బ్రేకులో గాలి తీసే మర) వదులు చెయ్యకముందూ చేశాకా ఏమవుతుందో చూడాలి. వైరు మళ్ళీ పెట్టి బ్లీడర్ కొంచెం తిప్పగానే ఫ్లూయిడ్ చిమ్మి లైటు ఆరితే స్విచ్చు నిజమే చెప్తోంది, లైన్లో ప్రెషరు నిలిచిపోయింది, పుష్ రాడ్‌కి (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని తోసే కడ్డీకి) ఫ్రీ ప్లే, అంటే కాస్త వదులు, లేదు, బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలుతున్నాయి. బ్లీడర్ తిప్పినా వెలుగుతూనే ఉంటే స్విచ్చే అతుక్కుపోయింది. ఈలోపు రాత్రంతా వదిలేస్తే పది గంటలకి 40 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది, పొద్దున స్టార్టర్ టిక్కుమనడం తప్ప తిరగదు.

ఇండికేటర్ స్విచ్చు

వెనక ఇండికేటర్‌కి వేరే బల్బు లేకుండా బ్రేక్ ఫిలమెంటే ఇండికేటర్‌గా కూడా కొట్టుకునే బండ్లలో బ్రేక్ కరెంటు స్టీరింగ్ కాలమ్ మీదున్న ఇండికేటర్ స్విచ్చు గుండా వెళ్తుంది. ఇది తెలీక వెనకంతా విప్పుకుంటూ కూర్చుంటాం. బ్రేక్ వెలగని పక్క ఇండికేటర్ వేసి చూడండి, అది కొట్టుకుంటే బల్బు, ఎర్త్, వెనక వైరు అన్నీ బాగున్నాయి, అప్పుడు బ్రేక్ తొక్కి ఉంచి ఇండికేటర్ లివర్ని మధ్యలో అటూ ఇటూ వెంట్రుకవాసి కదపండి. ఒక చోట లైటు వెలిగి ఆరితే లోపలి ఇత్తడి కాంటాక్టు అరిగింది. క్లీనరు కొట్టి ఇరవై ముప్ఫై సార్లు తిప్పితే కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత మార్చాల్సిందే. హజార్డ్ స్విచ్చు ఉన్న బండి అయితే దాన్ని కూడా నాలుగుసార్లు లాగి నొక్కండి.

ఫ్యూజు పదే పదే పోతుంటే

ఫ్యూజులు మార్చి మార్చి డబ్బా ఖాళీ చెయ్యొద్దు. ఫ్యూజు తీసేసి ఆ రెండు క్లిప్పుల మధ్య ఒక పాత హెడ్‌లైట్ బల్బు కట్టండి, వెనక బల్బులన్నీ తీసెయ్యండి. షార్టు ఉన్నంతసేపు అది ఫుల్లుగా వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు. ఇప్పుడు వెనక నుంచి వైరు కట్టని కొంచెం కొంచెంగా కదుపుతూ రండి, బల్బు రెపరెపలాడిన చోట ఆగండి. చాసిస్ రైలు కన్నంలో రబ్బరు గ్రోమెట్ ఊడిన చోటు, సైలెన్సర్ పైపు దగ్గర, డెక్ బోల్టు కింద నలిగిన చోటు, లైటు డబ్బాలోకి దూరే మొదటి వంపు, ఎక్కువగా ఇక్కడే.

ఎల్ఈడీ పెట్టేద్దామా

పెట్టొచ్చు, కానీ ఎర్త్ బాగుచేశాకే. ఎల్ఈడీకి కరెంటు తక్కువ కాబట్టి చెడ్డ ఎర్త్ మీద కూడా మొదట్లో బాగానే వెలిగి జబ్బుని దాచేస్తుంది. పాజిటివ్ ఎర్త్ బండిలో మామూలు ఎల్ఈడీ వెలగదు, రెండు వైపులా పనిచేసేది చూసి కొనాలి. ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్ఈడీయే పెట్టండి, తెల్లది పెడితే గులాబీ రంగులోకి తిరుగుతుంది. పాత వేడి రకం ఫ్లాషరు (ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించేది) ఎల్ఈడీ లోడుకి సరిగ్గా కొట్టుకోదు, దాన్నీ మార్చాలి. టెయిల్‌కీ బ్రేక్‌కీ మధ్య వెలుతురు తేడా స్పష్టంగా ఉందో లేదో మాత్రం కళ్ళారా చూసుకునే ఉంచండి, కొన్నిటిలో ఆ తేడా నామమాత్రమే.

అన్నీ అయ్యాక గ్లాసు లోపల కడగండి, రిఫ్లెక్టరు తుప్పు పట్టి గోధుమరంగులో ఉంటే మెరిసే వెండి రంగు కొట్టండి, వెలుతురు తేడా మీకే తెలుస్తుంది. గ్లాసు కింద రబ్బరు గ్యాస్కెట్ ఎండిపోయి ఉంటే మార్చండి, నీళ్ళు దిగడానికి డబ్బా అడుగున కన్నం ఉంటుంది, పెయింటుతో మూసుకుపోయుంటే పొడిచి తెరవండి.

తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, ఇండికేటర్, బ్రేక్ అన్నీ ఒకేసారి నడుపుతూ హోల్డర్ల దగ్గర ఎర్త్ డ్రాప్ మళ్ళీ కొలవండి. నాకు ఎడమ 0.06, కుడి 0.08 వచ్చాయి. ఒక తెల్ల టేపు ముక్క మీద తేదీతో సహా రాసి గ్లవ్ బాక్సు మూతకి లోపలి వైపు అంటించా, పక్కనే రెండు స్పేర్ బల్బులు గుడ్డలో చుట్టి పెట్టా. మొన్న వానలయ్యాక మళ్ళీ కొలిస్తే కుడి వైపు 0.15 అయింది, బోల్టు విప్పి చూస్తే వాషరు కింద అప్పుడే సన్నగా ఎర్ర తుప్పు మొదలైంది, గీకి గ్రీజు రాసి బిగించా.